కళ్లు మూసుకుని విప్పాలి

మా పక్కింటి ఫ్రెంచి అంకుల్ పోయారు. పోయిన వారం ఒకరోజు పొద్దున పాలకని డెయిరీకి వెళ్తే కొట్టాయన చెప్పాడు. కుర్చీలో కాఫీ తాగుతూ నిద్రపోయినట్టే పోయారట. మంటల్లోకి దూకి బయటికొచ్చిన మనిషికి ఇంత మెత్తని చావు రాసిపెట్టి ఉందని ఎవరనుకుంటారు? ఆయనకు తెలిస్తే సిగ్గుపడేవారు.

ఈ దేశం వచ్చి పాపకూర అనే ఈ ఊళ్లో ఇల్లు కొన్న కొత్తలో ఆయన్ని చూస్తేనే నాకు భయం. చేతులు రెండూ మోచేతుల దాకా కాలి ముడతలు పడి ఉండేవి. ఒక ఆదివారం ఎవడో మా వీధిలో కారు గిరగిరా తిప్పుతూ టైర్లు కాలుస్తుంటే, ఈయన ఇనుప రాడ్ తెచ్చి ముందు అద్దం బద్దలు కొట్టారు. వాణ్ణి కాలర్ పట్టుకుని కిటికీలోంచి లాగి చెంప పగలగొట్టారు. స్పీడుగా పోతున్నందుకు కాదండోయ్, బెల్టు పెట్టుకోనందుకు.

ఆయన ఒకప్పుడు రేసు డ్రైవరు. పైకప్పు లేకుండా, చక్రాలు బయటికి కనిపించే ఒంటి సీటు కార్లు నడిపేవారు. ఫ్రాన్సులో చిన్న పోటీలతో మొదలుపెట్టి పెద్దవాటి దాకా ఎదిగారు. గెలిచిన కప్పుల్ని ఇక్కడి గరాజ్‌లో మేకులు వేసుకోడానికి వాడేవారు. అక్కడ చలికాలమైతే ఇక్కడ ఎండాకాలం కదా, రేసులకు ఇటు వచ్చేవారు. అలా వచ్చినప్పుడే, ఆయన కళ్ల ముందే స్నేహితుడి కారు చక్రం ఇంకో కారు చక్రానికి తగిలింది. కారు గాల్లోకి లేచి బోర్లాపడి అంటుకుంది. ఈయన తన కారు ఆపేసి పరుగెత్తారు. స్నేహితుడు లోపల బతికే ఉన్నాడు, అరుస్తున్నాడు. గ్లవ్స్ వేసుకున్న వేళ్లకు బెల్టు బకిల్ చిక్కలేదు. గ్లవ్స్ పీకేసి ఒట్టి చేతులతో లాగారు. చర్మం ఊడింది గానీ బెల్టు ఊడలేదు. కాసేపటికి అరుపు ఆగిపోయింది.

చేతులు మానగానే మళ్లీ రేసులకు దిగారు. తన కారు గోడకు కొట్టుకుని కాళ్లు నుజ్జయ్యేదాకా మానలేదు. ఆ తర్వాత ఇక్కడే ఉండిపోయారు.

ఇదంతా నాకు చెప్పింది మా యాక్సిడెంట్ తర్వాత. మోటర్‌వే మీద ట్రక్కు గుద్ది మా కారు పల్టీ కొట్టింది. వెనక సీట్లో మా పాప తలకిందులుగా బెల్టుకు వేలాడుతోంది. నుదుటి నుంచి రక్తం, చుట్టూ పెట్రోలు వాసన. నా వేళ్లు పనిచెయ్యలేదు. ఎవరో దారినపోయేవాళ్లు బెల్టు కోసి దాన్ని దింపారు. అప్పట్నుంచి పాపను కారెక్కించడం నా వల్ల కాలేదు. మా ఆయన డ్రైవ్ చేస్తానన్నా వద్దనేదాన్ని. వానలో తడుస్తూ స్కూలుకి నడిపించుకుపోయేదాన్ని.

ఒకరోజు అంకుల్ నన్ను గేటు దగ్గర ఆపారు. “పిల్లని ఇంకెన్నాళ్లు నడిపిస్తావ్?”

“భయం అంకుల్. మళ్లీ అలా అయితే?”

“అవ్వచ్చు. అవ్వదని నేను చెప్పను. నీ చేతులకి నేర్పుదాం, రా.”

మా వంటింట్లోని ఓవెన్ గ్లవ్స్ నా చేతులకు తొడిగారు. నా చున్నీతోనే నా కళ్లు కట్టారు. ఆగి ఉన్న కార్లో పాప బెల్టు విప్పమన్నారు. పక్కన నిలబడి రాడ్‌తో కారు టాపు మీద బాదుతూ, నా చెవిలో “మంట, మంట” అని అరిచారు. నేను భోరున ఏడ్చాను. మహానుభావుడు ఆపితేనా? “కళ్లు ఏడవనీ, వాటి పని అది. చేతుల్ని కానివ్వమను,” అన్నారు. పాపకేమో ఆటగా ఉంది, “అగైన్ మమ్మీ” అంటూ నవ్వుతోంది. అలా రోజూ సాయంత్రం, మా సొట్టలు పడ్డ కారు టాపు సాక్షిగా. చివరికి ఒకరోజు నేనే తాళాలు తీసుకుని పాపను స్కూల్లో దింపి వచ్చాను. ఆయన గేటు దగ్గర నిలబడి చూశారు. ఆ ఋణం ఎలా తీర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న అంత్యక్రియలకు పాపను వెనక కూర్చోబెట్టుకుని నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. అంకుల్‌ని తెచ్చిన బండిలో శవపేటిక కదలకుండా బెల్టుతో బిగించారు. తెల్ల గ్లవ్స్ వేసుకున్న మనిషి విప్పబోతే బకిల్ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు, వేళ్లు జారాయి. అందరూ నిలబడి చూస్తున్నారు. పాప నా చెయ్యి లాగి, “మమ్మీ, యూ డూ ఇట్,” అంది.

ముందుకెళ్లి బకిల్ మీద చెయ్యి పెట్టాను. కళ్లు మూసుకున్నాను. టక్కున ఊడింది.