వినపడని ఇంజన్

1981 నవంబరులో ఒక మధ్యాహ్నం, బెంగుళూరు నుంచి చిన్న విమానం వస్తోందని నాకు మొదట చెప్పింది మా వైర్‌లెస్ ఆపరేటర్ మునిరత్నం అన్న. పైలట్‌తో పాటు శ్రీవారి దర్శనానికి వచ్చే దంపతులున్నారట. రేణిగుంట దగ్గరి విమానాశ్రయంలో నేను వాతావరణ పరిశీలకురాలిని. బడికి పోలేదు, మా నాయన ఇంట్లోనే చదువు చెప్పి, ప్రైవేటుగా మెట్రిక్ కట్టించాడు. ఆయన పుణ్యాన దొరికిన ఉద్యోగం.

అప్పట్లో మాకు రాడార్ లేదు. మబ్బులో ఉన్న పైలట్ తన ముందున్న సూదులను నమ్మాలి. అతను ఫలానా చోట ఉన్నానని చెబితే దాన్ని మేం నమ్మాలి. పైగా మాది కంట్రోల్ లేని ఆకాశం. దిగమనీ, వద్దనీ అనే అధికారం మాకు లేదు. సమాచారం అందించడం వరకే మా పని. మా ఆవరణలో బీకన్ అనే రేడియో స్తంభం ఉండేది. విమానంలోని సూది దాని వైపు చూపిస్తుంది, దాన్ని దాటగానే వెనక్కి తిరుగుతుంది. అప్పుడే కిందికి దిగడం మొదలుపెట్టాలి. ముందే దిగితే, బెంగుళూరు విమానాలు వచ్చే పడమటి దిక్కున చంద్రగిరి కొండలున్నాయి.

"అప్పుడే బీకన్ దాటినాడంట. దిగుతాండాడు," అన్నాడు మునిరత్నం అన్న.

నాకు నమ్మకం కలగలేదు. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి ఉదయం నేను వదిలిన బెలూను పడమటికి కొట్టుకుపోయింది. అంటే అతనికి ఎదురుగాలి. ఎదురుగాలిలో అనుకున్నదానికంటే ముందే ఎలా వచ్చాడు? వసారాలోకి వెళ్లి చెవి ఒగ్గాను. వాన వెలిసింది. చూరు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అన్నా, మోత ఇనపళ్లేదే."

"అంత మబ్బులో యాడ ఇనపడతాదమ్మా? నువ్వు కోకల అంగట్లో కూడా దారం పీకి సూసే రకం."

"నెత్తిమింద పోయేది ఇనపడకుండా ఎట్టా పోతాది? ఆ మాట ఆయనకు చెప్పన్నా."

"మనం చెప్పాల్సింది సమాచారం. నీ అనుమానం కాదు."

"మోత రాలేదనేదీ సమాచారమే కదన్నా!"

ఆయన నా వైపు చిరాగ్గా చూశాడు. అయినా మైకు నొక్కి, మీ ఇంజన్ శబ్దం ఇక్కడ వినపడలేదని ఇంగ్లీషులో చెప్పాడు.

గోవిందా, గోవిందా అనుకుంటూ నిలబడ్డాను. చివరికి పైలట్ గొంతు వచ్చింది: దిగడం ఆపి మళ్లీ పైకి పోతున్నాడట.

కాసేపటికి పడమటి నుంచి సన్నగా మొదలైన మోత పెరిగి పెరిగి మా కప్పు మీదుగా సాగింది. అప్పుడు గానీ నేను వసారాలోంచి కదల్లేదు.

దిగాక పైలట్ మా గదికి వచ్చాడు. కొండల మీద ఉరుముల మబ్బు ఉందట. ఆ మెరుపులకు సూది తప్పుగా వెనక్కి తిరిగితే, బీకన్ దాటాననుకున్నాడట. మునిరత్నం అన్నకు చేతులు జోడించబోయాడు.

"చెప్పింది నేనే గానీ నమ్మలేదు సార్. పట్టుబట్టింది ఈమె," అన్నాడు అన్న.

పరికరాన్నీ, గాలినీ, నా చెవినీ అనుమానించడమే నా వృత్తి. కానీ మనసులో ఉంచుకున్న అనుమానం ఎవరినీ కాపాడదు. నా మాట నమ్మకపోయినా దాన్ని ఆపకుండా పైకి పంపిన మనిషి వల్లే ఆ ముగ్గురూ దర్శనానికి వెళ్లారు. మునిరత్నం అన్న ఇప్పుడు లేడు. మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆయన పేరు కూడా ఒకసారి తలుచుకోండి.