తెల్లారేదాకా ఆగని వార్త

మొన్న పొద్దున హైదరాబాదులో మా ఇంట్లో ఒక కన్ను పాల గిన్నె మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టి నిలబడి ఉండగా మా ఊరి గ్రూపులో మా మేనమామ ఫొటో వచ్చింది. చుట్టూ పూలు, కింద వరసగా దండాలు. ఆయన పోయాడని ఇంట్లోవాళ్లెవరూ నాకింకా చెప్పలేదు. నేను ముఖం కూడా ఎరుగని ఎవరో చెప్పేశారు. పాలు పొంగిపోయాయి. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. చావు కబురు ఎలా చేరాలన్న విషయంలో మా మామకున్నంత పట్టింపు ఇంకెవరికీ ఉండేది కాదు.

గోపాల్‌పేటలో ఆయనకు ఎరువుల దుకాణం ఉండేది. దుకాణం అత్త నడిపేది, ఆయన ఒక పేపరుకు విలేకరిగా తిరిగేవాడు. మోపెడ్ ముందు 'ప్రెస్' అని ఎర్ర అక్షరాల స్టిక్కరు, జేబుకు రెండు పెన్నులు. బావిలో మేక పడ్డా పరుగెత్తేవాడు. "మేకను తీసినవా, ఫొటో ఒక్కటే తీసినవా?" అని అత్త అడిగేది. రాసిన వార్తలు కవరులో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తే అవి మహబూబ్‌నగర్ చేరి మర్నాడు అచ్చయ్యేవి. మా వైపు మనుషులు పుణె, బొంబాయి పనులకు పోతారు. అక్కడ ఎవరైనా చనిపోతే ఇంటి ఆడవాళ్లకు వెంటనే చెప్పరు. ఒంట్లో బాగా లేదని చెప్పి, శవం ఊరు చేరాక, చుట్టాలు నలుగురూ పక్కన కూర్చున్నాక చెబుతారు. పేపరు ఎటూ మర్నాడే వస్తుంది కాబట్టి మామ వార్త ఎన్నడూ ఆ మర్యాద దాటలేదు.

తర్వాత కొన్నేళ్లకు బస్సు కవరు పోయి వనపర్తిలో ఇంటర్నెట్ సెంటరు వచ్చింది. ఆ ఎండాకాలం ఒక పొద్దున పుణె నుంచి కూలీల మేస్త్రీ మామకు ఫోన్ చేశాడు. మా పక్క వీధి ఆయన బిల్డింగు పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడని, మర్నాడు తెల్లారేసరికి శవాన్ని తెస్తామని చెప్పాడు. మామ వనపర్తి పోయి వార్త, ఫొటో పంపాడు. పేపరు ఇంటర్నెట్‌లో కూడా వస్తుందని ఆయనకు తెలుసు. అచ్చయ్యాకే అక్కడ పెడతారనుకున్నాడు. తిరిగొచ్చి, సెలవులకు వచ్చిన నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి నడిచాడు.

చనిపోయినాయన భార్య అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. "నీ పెనిమిటికి జర సుస్తయింది చెల్లె. దవాఖానల వేసిన్రు. రేపు తోల్కొస్తరట" అన్నాడు మామ. ఆమె నమ్మింది. అదే సమయానికి వాకిట్లో ఆటో దిగి వాళ్ల కూతురు వచ్చింది. ఆ రోజే ఇంటర్ ఫలితాలు, ఆ పిల్ల వాటిని చూసుకోవడానికి వనపర్తిలో మా మామ పేపరు సైటే తెరిచింది.

"మా నాయిన సచ్చిపోయిండని నువ్వే రాస్తివి గద మామా. ఫొటో గూడ పెడ్తివి. మా అమ్మకు గిట్ల చెప్తున్నవేంది?"

తల్లి చేతులు చింతపండులోనే ఉండిపోయాయి. మమ్మల్ని చూడలేదు. కూతురి వైపు తిరిగి, "నువ్వు పాసైనవా బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్నిప్పటికీ వదల్లేదు. ఆ కబురు మీద పడేలోపు ఆమెకు మిగిలిన గడువు ఆ మాట ఒక్కటే.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, అందరికంటే ముందు మనమే పెట్టామని మెచ్చుకున్నారు. మామ ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత శవం ఊరు చేరాకే చావు వార్త పంపేవాడు. ఆలస్యమవుతోందని తిట్టి తిట్టి, చివరికి ఆఫీసువాళ్లు గోపాల్‌పేటను ఇంకొకరికిచ్చారు. స్టిక్కరును ఆయనే వేడినీళ్లు పోసి గీకేశాడు. దాని జిగురు మరక ఆ మోపెడ్ అమ్మేదాకా పోలేదు.

మొన్న ఆ పాలు పొంగిన పొయ్యి తుడుస్తుండగా అత్త ఫోన్ చేసింది. "మామకు జర సుస్తయింది బిడ్డా. దవాఖానల వేసినం. పరేషాన్ గాకు, మెల్లగ రా" అంది.

"సరే అత్తా, వస్త" అన్నాను. హైదరాబాదు నుంచి గోపాల్‌పేట దాకా దారి పొడుగునా, ఆమె మాట ప్రకారం, మామ ఇంకా దవాఖానలోనే ఉన్నాడు.