వర్జిల్ పెరట్లో మొద్దు

అమెరికాలో మిజోరీ రాష్ట్రం దక్షిణాన, కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో డెల్మా ప్రూయిట్ విరిగిన కుర్చీలు బాగుచేసి బతికేది. తుపాకులకు కర్రపిడులు చెక్కే తండ్రి దగ్గర చిన్నప్పుడే చిత్రిక పట్టడం నేర్చింది. అరవై దాటినా, కొత్త చెక్క కనబడితే చాలు, గోటితో గీరి వాసన చూడందే ఉండలేదు. ఒకసారి చర్చిలో అందరూ ప్రార్థనకు తల వంచితే, ఈవిడ మాత్రం ముందు బెంచీని వాసన చూస్తూ దొరికిపోయింది.

పక్కింటి వర్జిల్ స్టాంప్స్ రైల్వేలో రిటైరై టమాటాల పెంపకం మీద పడ్డాడు. ఆ వేసవిలో కంచె పక్క మొక్కలు, ఎంత నీళ్లు పోసినా, కాయ పట్టే వేళకు తలలు వాల్చేశాయి.

"డెల్మా! వార్నిష్ కడిగిన నీళ్లు ఇటు పారబోస్తున్నావు కదూ?"

"పోయినేడు కూడా చచ్చాయిగా. అప్పుడేమన్నావు?"

"నీ కోళ్లన్నాను."

"పోనీలే, కోళ్లనైనా వదిలేశావు. జరుగు, చూడనీ."

పక్కనే చిక్కుళ్లు పచ్చగా నవనవలాడుతున్నాయి. డెల్మాకు అనుమానం వచ్చింది.

"ఇక్కడ చెట్టేమైనా ఉండేదా?"

"ఇల్లు కొన్నప్పుడు ఒక మొద్దుండేది. మట్టి కప్పించేశా."

ఆమె పార తెచ్చి తవ్వింది. పైచెక్క పొడిపొడిగా రాలిపోయింది. లోపల కత్తితో చెక్కి, ఉమ్మి తడిపి చూసింది. ఊదాచాయ కలిసిన ముదురు గోధుమరంగు. ముక్కుకు ఘాటుగా తగిలింది.

"నల్ల అక్రోటు చెట్టు! దీని వేళ్లలో విషముంటుంది, చిక్కుళ్లు తట్టుకుంటాయి గానీ టమాటాలకు పడదు. చెట్టు పోయినా అది ఏళ్ల తరబడి పోదు."

"అయితే చీల్చి పొయ్యిలో పెడతా."

"ఇంత మంచి కలపనా? పెట్టి చూడు, వెనకాలే నిన్నూ పెడతా!"

ఇద్దరూ చుట్టూ తవ్వి, గొలుసు కట్టి, వర్జిల్ ట్రక్కుతో మొద్దును బయటికి లాగారు. కోసేటప్పుడు ఒకచోట నీలినలుపు మరక కనబడింది. "ఆగు, లోపల ఇనుముంది," అంది డెల్మా. వర్జిల్ వినలేదు. కంచె మేకు తగిలి రంపం పళ్లు మూడు ఎగిరిపోయాయి. డెల్మా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత మేకులన్నీ ఏరి, తనే కోసింది. వేళ్లు మొదలుతో కలిసేచోట పొరలు మంటల్లా లేచి ఉన్నాయి. వర్జిల్ వంగి వాటి వెంట వేలు పోనిచ్చాడు.

పలకలను గరాజు నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి, రెండేళ్లు ఆరబెట్టింది. తర్వాత వర్జిల్ వంటింటికి బల్ల చేసింది. మరకను చిత్రిక పట్టి తీసేస్తానంటే అతనే ఒప్పుకోలేదు.

"ఉండనీ. అది నా రంపాన్ని తిన్న మరక."

మిగిలిన ముక్కలతో వర్జిల్ తనే పీట చేస్తానని కూర్చున్నాడు. డెల్మా కాఫీ తాగుతూ తిడుతూ నేర్పింది. పీట తయారైంది గానీ కాళ్లు సమంగా రాలేదు. దాన్ని సరిచేయనంటాడు. ఇప్పటికీ అది ఊగకుండా తన కాలొకటి నేలకు గట్టిగా తన్నిపెట్టి దాని మీద కూర్చుంటాడు, వచ్చినవాళ్లందరినీ కూడా దాని మీదే కూర్చోమంటాడు.