నర్సక్క పూలనూనె

అందరు మంచిగున్నరా? మోకాళ్ల నొప్పులోళ్లు నడుస్తున్నరా, ఆయాసమున్నోళ్లకు జర నయమున్నదా, పిల్లల దగ్గు తగ్గిందా? షుగరున్నోళ్లు పొద్దుగాల పాదాలు తిప్పి చూసుకున్నరా? ఈ ఆఖరి మాట నాది కాదు, మా పక్కింటి నర్సక్కది. మొన్న మంగళవారం ఆమె పోయింది.

కరెంటు ఫ్యాక్టరీ కాలనీల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే పొట్టి గోడ. దవాఖానల నర్సు కొలువు అయిపోయినంక నర్సక్క ఆ గోడ మీద కుండీలు పెట్టింది. నారింజ రంగు పూలు, కేలెండులా అంటరట. ఫ్యాక్టరీ పొగగొట్టంకెల్లి వచ్చి ఆకుల మీద పడ్డ బూడిద దినాం తడిబట్టతోని తుడుస్తుండె. పూరేకులు నీడకు ఎండబెట్టి, నూనెల నానేసి, గుడ్డల వడగట్టి సీసాల పోస్తుండె.

నాకైతే అవి బంతిపూలే. ఒక ఆయుధపూజ నాడు రాయి తగిలి నా బొటనవేలు చీరింది. బస్సుకేసిన దండలకెల్లి బంతిపూలు తెంపి, నూరి కట్టుకున్న. మూడోనాడు వాసనకే నర్సక్క పట్టేసింది.

"ఏందే ఇది? బస్సుకేసిన పూలు నీ వేలుకా? టైరు కింది నిమ్మకాయ గూడ పిండుకోకపోతివి!"

నవ్వుకుంటనే కడిగింది. పుండు చూసినంక నవ్వలే. "బంతి వేరే, ఇది వేరే. నా నూనె గూడ గీరుకున్నదానికి, పగిలిన చర్మానికే. పెద్ద పుండు మాన్పుతదని గట్టి రుజువు ఇంక లేదు. నీ అసోంటి షుగరు పుండుకైతే దవాఖానకు ఉరుకాలె." ఆ దినమే నన్ను రాయచూరు పెద్ద దవాఖానకు తోల్కపోయింది. వేలు దక్కింది.

ఆమెకు గూడ షుగరే. ఒంటి మనిషి. ఈ వానకాలం మడమకు బొబ్బ లేసింది. గోడ మీదికెల్లి అడిగింది: "సోమవారం రాయచూరు దాక వస్తవా, చెల్లె? ఒక్కదాన్ని బస్సెక్కలేను."

నాకు వానంటే భయం, బస్సు మెట్లంటే భయం. "వచ్చే వారం పోదాం తియ్యక్కా" అన్న. వచ్చే వారం గూడ అదే అన్న. మూడోసారి ఆమె అడగలే. పుండుకు నమ్మొద్దని నాకు చెప్పిన నూనెనే తన మడమకు రాసుకున్నది.

"ఏం జెయ్యాలె, చేతికందేది ఇదొక్కటే" అన్నది. ఆ మాటల కోపం గూడ లేకుండె. అదే నన్ను తింటున్నది. కాలంత విషమెక్కినంక గాని అంబులెన్సు రాలే.

ఆమెను సాగనంపిన దినం అందరు ఆమె చెయ్యి మంచిదన్నరు. ఆ చేతి కట్టు తెల్వని ఇల్లు మా లైన్ల లేదు. ఆమె కాలు చూసిన ఇల్లు ఒక్కటి లేదు. నాది గూడ లేదు.

గోడ మీద పూలు ఇంక పూస్తనే ఉన్నయి. వాటి మీది బూడిద తుడవనీకి నాకు చెయ్యి రాలే. వచ్చే సోమవారం మొదటి బస్సుకు రాయచూరు పోతున్న, నా పాదాలు చూపించుకోనీకి. మీల ఎవరికన్న ఒక్కరే పోనీకి భయమైతే గోడ మీదికెల్లి ఒక కేకెయ్యండి. వాన పడ్డా పోదాం.