మిలట్రీ మామ వడ్డన

మిలట్రీ మామ యుద్ధాలు చేసి వచ్చాడనుకుంటే పప్పులో కాలేసినట్టే. సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఆయన చేతిలో తుపాకీ కంటే గరిటే ఎక్కువగా ఉండేది. మంచు కొండల్లోనైనా, ఇసుకలో వేసిన గుడారాల్లోనైనా ఆయన పని ఒక్కటే: వందలమంది జవాన్లకు వేళకు వేడిగా వండి పెట్టడం.

రిటైరై ఇంటికొచ్చాకే వచ్చింది చిక్కంతా. ఇద్దరికి సరిపడా వండటం ఆయనకు చేతకాదు. ఒకపూట సరదాపడి కూర చేస్తే, ఆయన భార్య దాన్ని వీధంతా పంచాల్సి వచ్చింది. ఆమెను వీధిలో అందరూ అత్త అనే పిలుస్తారు. రెండోసారి అత్త చేతిలో గిన్నె కనబడగానే ఇరుగుపొరుగు తలుపులు వేసేసుకున్నారు.

"ఇంక నా వంటింట్లో అడుగుపెడితే ఊరుకోను. పదిమందికీ వండే పనేదైనా చూసుకోండి" అని అత్త ఖరాఖండిగా చెప్పేసింది. పైకి కోపమే గానీ, పనిలేక మనిషి నీరుగారిపోతుంటే చూడలేకే అలా అంది.

చివరికి సైనిక సంక్షేమ కార్యాలయం ఆదుకుంది. సైనికుల కుటుంబాల కోసం ప్రభుత్వం నడిపే ఆస్పత్రి వెనక వరండాలో ఒక గది ఖాళీగా ఉంది. దూరప్రాంతాల నుంచి వచ్చేవాళ్లకు అక్కడ మధ్యాహ్నం ఉచితంగా భోజనం పెట్టాలని నిర్ణయించి, పొయ్యీ గిన్నెలూ ఇచ్చి మామకు అప్పగించారు. కొన్నాళ్లు చూస్తారట, ఫిర్యాదులొస్తే ఇంకొకరికి ఇచ్చేస్తారట. మామకు ప్రాణం లేచొచ్చింది.

తొలిరోజే మొదలైంది గోల. మధ్యాహ్నమవగానే మామ పళ్లెం మీద గరిటెతో ఠంగుమని కొట్టి, "లైన్లో రండి! పళ్లేలు తీసుకోండి!" అని ఓ కేక పెట్టాడు. డాక్టరు గది ముందు కూర్చున్న ముసలమ్మలూ, చంటిబిడ్డల తల్లులూ ఉలిక్కిపడి లేచి వరస కట్టారు. ఏం కావాలని అడగడాల్లేవు. ముందుకొచ్చిన పళ్లెంలో అన్నం, కూర పడాల్సిందే. చాలు మొర్రో అన్నా ఇంకో గరిటె పడేది.

"ఇది ఆస్పత్రా, బారక్సా?" అని మందుల కౌంటరాయన రుసరుసలాడాడు. కాస్త మెల్లగా పిలవమని అత్త నెత్తీనోరూ కొట్టుకుంది. మామ సరేననేవాడు. తీరా వేళయ్యేసరికి ఆ చెయ్యి మాట వినేది కాదు.

చివరికి కౌంటరాయన ఫిర్యాదు చేయనే చేశాడు. సంక్షేమ కార్యాలయం మేడమ్ సరిగ్గా భోజనాల వేళకే వచ్చి వరండాలో కూర్చుంది. ఈ పని కూడా పోతే మళ్లీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. మామ గరిటె పక్కన పెట్టి, కేక వేయకుండా నిలబడ్డాడు.

"ఏం నాయనా, ఇవాళ కొట్టలేదేం?" అని ఒక ముసలమ్మ గట్టిగా అడిగింది.

"ఆ మోత మీకు ఇబ్బందిగా లేదా పెద్దమ్మా?" అంది మేడమ్.

"ఇబ్బందేమిటమ్మా! నా కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా అని అడుగుతాను. లైన్లో నిలబడి వేడివేడిగా తిన్నానమ్మా అంటాడు. నా మనసు కోసం అబద్ధం చెబుతున్నాడని కుమిలిపోయేదాన్ని. ఈయన కేకకి లేచి, ఈ లైన్లో నిలబడి, నేనూ కడుపునిండా తిన్నాకే వాడి మాట నమ్మాను."

మేడమ్ లేచి తనూ ఒక పళ్లెం తీసుకుని వరస చివర్న నిలబడింది.

"ఈ క్యాంటీన్ మీదే. కొట్టండి మరి" అంది.

మామ గరిటె అందుకుని పళ్లెం మీద ఠంగుమనిపించాడు. అన్నేళ్లు వడ్డించాడు గానీ, ప్రతి పళ్లెం వెనకా ఎక్కడో ఒక తల్లి తిన్నావా అని అడుగుతూ ఉంటుందని ఆయనకు ఏనాడూ తోచలేదు.

"మీవాడు ఒళ్లు చేశాడా అమ్మా?" అని అడిగాడు, ముసలమ్మ పళ్లెంలో కూర వేస్తూ.

"వెళ్లేటప్పుడు పుల్లలా ఉండేవాడు. మొన్న సెలవుకొస్తే పాత చొక్కా ఒక్కటీ పట్టలేదు."

"అయితే అక్కడ మావాడెవడో బాగానే పెడుతున్నాడమ్మా" అన్నాడు మామ.