లామినేషన్ చేయించిన గని కాగితం

నేను కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. వరసగా మూడు రోజులు సెలవు దొరికితే చాలు, నెవాడా వెళ్లి మూతబడిన గనుల ఊళ్లలో పాత కాగితాలు కొంటాను. "మళ్ళీ నెవాడాకా? అంత దూరం డ్రైవ్ చేసి తెచ్చేది చిత్తుకాగితాలేగా!" అంటారు మావారు. అననీ. ఆయన గ్యారేజీలో గోల్ఫ్ కర్రలు మూడు సెట్లున్నాయి, నేనేమైనా అన్నానా?

ఆ కాగితం ఒక పాత సామాన్ల కొట్టులో, తుప్పుపట్టిన డబ్బా అడుగున దొరికింది. ఫలానా రాళ్లగుట్ట నుంచి ఫలానా వాగు దాకా వెండి తవ్వుకునే హక్కు తనదని ఎవరో గని కార్మికుడు రాయించుకున్న ప్రకటన అది. సంతకం చోట ఇంటూ గుర్తు. చదువురాని మనిషి పెన్ను ఎంత గట్టిగా నొక్కాడో, అక్కడ కాగితం చిరిగినంత పనైంది. అందరూ ఎగబడి కొనే గని కంపెనీల వాటా పత్రాల మీది రంగుల బొమ్మల కన్నా నాకు ఆ గుర్తే నచ్చింది.

తెచ్చిన మర్నాడే లామినేషన్ చేయించాను. మా ఇళ్లలో పదో తరగతి సర్టిఫికెట్ చేతికి రాగానే చేసే పని అదే. విలువైన కాగితం తడవకూడదు, చెద పట్టకూడదు. ఇంకోలా చేయాలన్న ఆలోచనే నాకు రాలేదు.

తర్వాత నెవాడాలోనే, రీనోలో పాత కాగితాలు సేకరించేవాళ్ల ప్రదర్శన జరిగింది. నాకూ ఒక బల్ల ఇచ్చారు. నిర్వాహకుడు తెల్లగడ్డం పెద్దమనిషి. నా కాగితం చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"దీన్ని చంపేశారు మీరు. వేడికి జిగురు కాగితంలోకి దిగిపోయింది. ఇక ఊడిరాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అన్నేళ్లు ఎండకీ ఎలకలకీ తట్టుకున్న కాగితాన్ని కాపాడబోయి నేనే పాడుచేశాను.

తిరిగి వచ్చేసరికి ఆయన దాన్ని బోర్లించి పెట్టాడు. "లోపల పెట్టేయండి. చూసేవాళ్లు ఇలా చేయొచ్చనుకుంటారు" అన్నాడు. దాంతో ఏడుపు పోయి ఒళ్లు మండింది. హాలంతా కలయజూశాను. ఎక్కడ చూసినా యజమానుల సంతకాలు, కంపెనీ ముద్రలు, గద్ద బొమ్మలు. తవ్వినవాడు స్వయంగా పెట్టిన గుర్తు నా బల్ల మీద తప్ప ఇంకెక్కడా కనిపించలేదు. తప్పు చేసింది నేనైతే అతన్ని దాచెయ్యడమేమిటి?

"తీయను," అన్నాను.

"అయితే వచ్చేసారి మీకు బల్ల ఇవ్వం."

"ఇవ్వకండి."

కాగితాన్ని వెల్లకిలా తిప్పి బల్ల అంచు దాకా జరిపాను. మిగతా బల్లలన్నిటి మీదా ముట్టుకోవద్దన్న బోర్డులే. నేనో అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి నిలబెట్టాను: "దీన్ని పాడుచేసింది నేనే. మీరెవరూ లామినేషన్ చేయించకండి. ఆ గుర్తు మీద మాత్రం వేలు పెట్టి చూడొచ్చు."

సాయంత్రం హాలు మూసేసరికి ప్లాస్టిక్ నిండా వేలిముద్రలే. ఒక్కటి కూడా తుడవలేదు.