పెద్దమ్మ కుంకం డబ్బా

మొన్న అమలాపురంలో మా కాలేజీ ల్యాబులో పిల్లలు వడపోత కాగితం ముక్కల మీద రంగు చుక్కలు పెట్టి, కింది అంచుని స్పిరిట్‌లో ముంచి నిలబెట్టారు. స్పిరిట్ పైకి పాకుతూ రంగుని వెంట లాక్కుపోతుంది. స్వచ్ఛమైన రంగైతే ఒకటే మచ్చ, వేరేది కలిస్తే మచ్చలు విడిపోతాయి. ఒక కాగితం మీద పసుపు మచ్చకి ఎడంగా గులాబీ మచ్చ తేలింది. చెబుతున్న పాఠం మరిచిపోయాను. కాట్రేనికోనలో మా ఇంటి ఎండుచేపల వాసన ముక్కుకి తగిలినట్టయింది.

సముద్రం మీద వేటకెళ్లిన పెదనాన్న తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. వెళ్లేముందు పెద్దమ్మ పసుపుతో కుంకం చేస్తుంటే నిమ్మకాయలు ఆయనే పిండాడట, సగం గింజలతో సహా. "ఈ కుంకం అయిపోయేదాకా ఆయన ఉన్నట్టే. అయిపోయిన్నాడు బొట్టు తుడిచేసుకుంటాను" అని పెద్దమ్మ అందరి ముందూ తేల్చి చెప్పేసింది. ఆవిడతో వాదించే ధైర్యం మా ఇంటిల్లిపాదిలో ఎవరికీ లేదు. ఏళ్లు గడిచినా డబ్బా మాత్రం తరగలేదు. పిల్లలం దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడేవాళ్లం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దమ్మ నుదురు పుండు పడింది. కుంకంలో బజారు రంగు ఉందన్నాడు డాక్టరు. "నా చేత్తో చేసిందండీ" అని ఆయన మీద అలిగి వచ్చేసి, నువ్వే తేల్చమని డబ్బా నాకిచ్చింది. వంటింట్లోనే గాజు గ్లాసులో కాగితం నిలబెట్టాను. పెదనాన్న తల్లి, మా మామ్మ, గోడవారన కూర్చుని చూస్తోంది. పసుపు మచ్చ తేలింది. కాసేపటికి గులాబీది విడిపోయింది.

"నేనే కలిపేనే" అంది మామ్మ, తలెత్తకుండా. "అది అయిపోతే నా కొడుకు పోయినట్టే కదా."

పెద్దమ్మ చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది. తుడిచేసుకుంటుందనుకున్నాను. ఆవిడ బొట్టు సరిచేసుకుని, డబ్బా మూత పెట్టింది.

"ఆయ్, అలాగేనండీ అత్తయ్యగారూ. ఈసారి కాస్త మంచిది కలపండి, దురదెత్తిపోతోంది."

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. గాలికి తలుపు కొట్టుకుంటే పెద్దమ్మ ఇప్పటికీ ఎవరో వచ్చినట్టు లేచి చూస్తుంది. కిందటి ఆదివారం వెళ్లినప్పుడు డబ్బా నిండుగానే ఉంది. ఇప్పుడెవరు నింపుతున్నారని అడగలేదు, మళ్లీ పరీక్ష చేయనూ లేదు. ఇన్నేళ్ల కాలం మా ఇంట్లో అన్నిటినీ తరిగించింది, ఆ డబ్బాని తప్ప.